భజనలో గిటార్ యాంప్: క్లీన్, క్రంచ్, లీడ్ ఛానళ్లు ఎలా సెట్ చేసుకోవాలి?



భజన జామింగ్‌లో గిటార్ వాయించాలనుకునే వాళ్లకీ, ఇప్పటికే వాయిస్తూ "ఇంట్లో బాగుంటుంది, హాల్లోకి వెళ్లగానే సౌండ్ పాడైపోతోంది" అని తల పట్టుకునే వాళ్లకీ ఈ పాఠం. వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేనివి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ముందే ఒక మాట. ఈ పోస్ట్‌లో "ఛానల్" అంటే మన వీడియో ఛానల్ కాదు, యాంప్లిఫయర్‌లో ఉండే ఛానల్!

నాబ్‌ల దగ్గరికి వెళ్లే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. పాఠం మొత్తం అక్కడి నుంచే వచ్చింది.

మూడో పాటలో ఏం జరిగింది

ధనుర్మాసంలో ఒక శనివారం సాయంత్రం. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో భజన. డోలక్, హార్మోనియం, రెండు జతల తాళాలు, పాడటానికి ఇద్దరు, గిటార్‌తో నేను. ఎదురుగా చిన్నపిల్లల నుంచి మామ్మల దాకా ఓ అరవై మంది.

మొదటి రెండు పాటలు క్లీన్ ఛానల్ మీద వాయించాను. హాలంతా వంత పాడింది. మూడో పాటలో చరణం మొదలవగానే ఫుట్‌స్విచ్ నొక్కి లీడ్ ఛానల్‌కి వెళ్లాను. రెండు వారాలు నా గదిలో కూర్చుని తయారు చేసుకున్న సౌండ్ అది. ముందు వరసలో కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. అదిరిపోయింది అనుకున్నాను.

రాత్రి ఇంటికి వచ్చి రికార్డింగ్ చూశాక అసలు సంగతి తెలిసింది. ఫుట్‌స్విచ్ నొక్కిన క్షణం నుంచి ఒక్కొక్కళ్లూ పాడటం ఆపేశారు. చప్పట్లు కూడా తగ్గాయి. పాట అయ్యేసరికి పాడుతున్నది మైకుల ముందు ఉన్న ఇద్దరే. అప్పటిదాకా భజన, ఆ తర్వాత నా ప్రోగ్రామ్!

నిజానికి అది అక్కడే ఒక మామ్మగారు చెప్పారు. ప్రసాదం పంచేటప్పుడు దగ్గరికి వచ్చి, "బాగానే వాయించావు నాయనా. కానీ చరణం ఎక్కడ ఎత్తుకున్నారో మాకు తెలీలేదు. అందుకే ఊరుకున్నాం" అన్నారు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. రికార్డింగ్ చూశాక నవ్వు రాలేదు.

అన్నమయ్య కీర్తనలని ఆయన వంశం వాళ్లు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని అరలో భద్రపరిచారు. అంత జాగ్రత్తగా మన దాకా తెచ్చిన మాటల్ని నేను ఒక్క నాబ్‌తో ముంచేశాను. అందుకే భజనలో మంచి టోన్ అంటే నా లెక్క ఇప్పుడు ఇదొక్కటే: గిటార్ మోగుతున్నా జనం పాడుతూనే ఉండాలి. కింద చెప్పే ప్రతి సెట్టింగ్ దీనికోసమే.

గెయిన్ వేరు, వాల్యూమ్ వేరు

రెండు మూడు ఛానళ్లున్న యాంప్ ముందు కూర్చుంటే మొదట కంగారు పెట్టేది నాబ్‌ల సంఖ్య. కానీ ప్రతి ఛానల్‌లో ముఖ్యమైనవి రెండే.

గెయిన్: గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ని యాంప్ మొదటి భాగంలోకి ఎంత గట్టిగా తోస్తున్నాం అన్నది. ఎక్కువైతే స్వరం చిట్లుతుంది, అంటే డిస్టార్షన్ వస్తుంది.

ఛానల్ వాల్యూమ్: అలా తయారైన సౌండ్‌లో ఎంత బయటికి పంపుతున్నాం అన్నది. దీని తర్వాత అన్ని ఛానళ్లకీ కలిపి మాస్టర్ ఉంటుంది. కొన్నిటిలో రెండు మాస్టర్లు ఉంటాయి.

వంటింటి లెక్కలో చెప్పాలంటే గెయిన్ అనేది పులుసులో వేసిన కారం. వాల్యూమ్ అనేది ఎన్ని గరిటెలు వడ్డించాం అన్నది. సౌండ్ చాలలేదని గెయిన్ పెంచడం అంటే, పులుసు చాలలేదని ఇంకాస్త కారం వేయడమే.

పాత యాంప్‌లలో ఈ రెండూ విడిగా ఉండేవి కావు. ఫెండర్ బాస్‌మ్యాన్ సర్క్యూట్ ఆధారంగా 1962 ప్రాంతంలో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం చేసిన యాంప్ చిట్లాలంటే వాల్యూమ్ బాగా పెంచాల్సిందే. 1970ల్లో కాలిఫోర్నియాలో మెసా బూగీ యాంప్‌లు చేసిన రాండల్ స్మిత్, ముందు భాగంలో ఇంకో గెయిన్ దశ పెట్టి, చివర మాస్టర్ పెట్టాడు. దాంతో తక్కువ శబ్దంలోనే డిస్టార్షన్ సాధ్యమైంది. ఆ తర్వాత కాలితో ఛానల్ మార్చుకునే ఏర్పాటు వచ్చింది. మన చేతిలో ఉన్న క్లీన్, క్రంచ్, లీడ్ అనే విభజన అలా వచ్చిందే.

ముందు మీ యాంప్‌లో ఇది చూసుకోండి: ఈక్యూ ఒకటా, రెండా?

చాలా మంది ఇక్కడే పొరబడతారు. బాస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లు కొన్ని యాంప్‌లలో ప్రతి ఛానల్‌కీ విడిగా ఉంటాయి. కొన్నిటిలో అన్నిటికీ కలిపి ఒకటే సెట్ ఉంటుంది. ఉదాహరణకి మార్షల్ డీఎస్ఎల్40సీఆర్ చూడండి. క్లాసిక్ గెయిన్, అల్ట్రా గెయిన్ అని రెండు ఛానళ్లు, ఒక్కోదానిలో రెండు మోడ్‌లు. గెయిన్, వాల్యూమ్, రివర్బ్ విడివిడిగా ఉంటాయి. కానీ బాస్, మిడిల్, ట్రెబుల్, ప్రెజెన్స్ మాత్రం రెండిటికీ ఉమ్మడి. లీడ్ కోసం ట్రెబుల్ తగ్గిస్తే క్లీన్ కూడా మసకబారుతుంది.

ఈక్యూ ఉమ్మడిగా ఉంటే ఏ ఛానల్‌కి సెట్ చేయాలి? ఎక్కువసేపు వాయించే దానికి. భజనలో అది క్లీన్. ముందు దానికి ఈక్యూ సరిచేసుకుని, మిగతా ఛానళ్లని గెయిన్‌తోనూ, గిటార్ మీద ఉన్న టోన్ నాబ్‌తోనూ సర్దుకోవాలి. లీడ్ గుచ్చుకుంటోందనిపిస్తే గిటార్ టోన్ నాబ్ కొంచెం వెనక్కి తిప్పండి చాలు. యాంప్ జోలికి వెళ్లక్కర్లేదు.

ఇంకో విషయం. ఫెండర్, మార్షల్ తరహా యాంప్‌లలో ఈ మూడు నాబ్‌లూ పెంచవు, తగ్గిస్తాయంతే. పైగా ఒకదాన్ని కదిపితే మిగతా వాటి ప్రభావం కూడా మారుతుంది. కాబట్టి "అన్నీ 12 గంటల దగ్గర పెడితే సమానం" అనేది నిజం కాదు. చాలా యాంప్‌లలో అలా పెట్టినా మిడిల్ లోతుగానే ఉంటుంది. కళ్లతో కాదు, చెవితో తిప్పాలి.

ఇంట్లో బాగున్న సౌండ్ హాల్లో ఎందుకు పాడవుతుంది?

మూడు కారణాలు.

ఒకటి, మన చెవి. తక్కువ శబ్దంలో మన చెవికి బాస్ స్వరాలు, బాగా పై స్వరాలు సరిగ్గా ఆనవు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి గదిలో మెల్లగా వాయించేటప్పుడు అందుకే బాస్, ట్రెబుల్ పెంచేస్తాం, మిడిల్ తగ్గించేస్తాం. అదే సెట్టింగ్‌ని హాల్లో గట్టిగా వినిపిస్తే బాస్ గుమగుమలాడుతుంది, ట్రెబుల్ చెవిలో గుచ్చుతుంది.

రెండు, స్పీకర్ దిశ. 12 అంగుళాల స్పీకర్‌లో పై స్వరాలు టార్చిలైట్‌లా సూటిగా ముందుకే వెళ్తాయి. యాంప్ నేల మీద పెట్టి మనం పక్కన నిలబడితే, ఆ పదును మన మోకాళ్ల దగ్గరే దాటిపోతుంది. మనకి మందంగా వినిపించి ట్రెబుల్ పెంచుతాం. భజనలో జనం నేల మీదే కూర్చుంటారు కదా, అది సరిగ్గా వాళ్ల మొహాన కొడుతుంది! యాంప్‌ని గట్టి కుర్చీ మీదో స్టూల్ మీదో పెట్టి, స్పీకర్‌ని మీ చెవుల వైపు వంచండి. మిగతా జనానికి వెళ్లాల్సిన సౌండ్ మైక్ ద్వారా పీఏలోంచి వెళ్తుంది.

మూడు, తోటి వాయిద్యాలు. గదిలో మీరొక్కరే. హాల్లో డోలక్, హార్మోనియం, తాళాలు, అన్నిటికంటే ముందు గొంతులు. దీని గురించి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

ఎవరి చోటు ఏది?

గిటార్ మందపు ఈ తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డోలక్ పెద్ద వైపు మోగేది కూడా ఆ చుట్టుపక్కలే. యాంప్‌లో బాస్ ఎక్కువైతే డోలక్ దెబ్బ తెలియదు. తాళం తెలియకపోతే చప్పట్లు ఆగుతాయి. హార్మోనియం మధ్యలో నిండుగా పరుచుకుని ఉంటుంది. తాళాలు బాగా పైన, గలగలమంటూ ఉంటాయి.

ఇక మాట. పాటలో అచ్చులు గొంతుని మోస్తాయి. కానీ క, త, ప, శ, స లాంటి హల్లుల స్పష్టత ఎక్కువగా 2000 హెర్ట్జ్‌కి పైన ఉంటుంది. "రామ", "శ్యామ" అనే రెండు మాటలకి తేడా చెప్పేది అక్కడే. గిటార్ యాంప్ స్పీకర్లు సాధారణంగా ఎక్కువ పదునుగా పలికేది 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్యలోనే. డిస్టార్షన్ పెంచినకొద్దీ అక్కడ కొత్త పై స్వరాలు పుట్టుకొస్తాయి. అంటే నా లీడ్ ఛానల్ నేరుగా హల్లుల మీదే కూర్చుంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది. క్లీన్ సౌండ్‌లో తీగ మీటగానే పెద్దగా మోగి, వెంటనే తగ్గుతుంది. ఆ సందుల్లో మాట వినిపిస్తుంది. డిస్టార్షన్‌లో మెల్లని స్వరం, గట్టి స్వరం ఒకే ఎత్తుకి వచ్చి సందు లేకుండా సాగుతాయి. మాటకి చోటుండదు. మామ్మగారికి చరణం వినిపించకపోవడానికి కారణం ఆవిడ చెవులు కాదు.

సెట్ చేద్దాం: మొదట శ్రుతి

యాంప్ ముట్టుకోకముందు ట్యూనింగ్. హార్మోనియం రీడ్స్ అప్పటికప్పుడు మార్చలేం కాబట్టి గిటారే దాని దగ్గరికి వెళ్లాలి. ట్యూనర్ మామూలుగా 440 హెర్ట్జ్ లెక్కలో ఉంటుంది. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి ట్యూనర్‌కి వినిపించండి. అది కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తే, ట్యూనర్ లెక్కని అంతవరకూ మార్చుకుని అప్పుడు తీగలు సరిచేయండి. శ్రుతి కలవకపోతే ఏ యాంప్ సెట్టింగూ కాపాడదు.

పాడేవాళ్ల శ్రుతి అడగండి. ఒకటి అంటే సీ, రెండు అంటే డి, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జీ. కాపో పెట్టుకుంటే వేళ్లకి సుఖం.

క్లీన్ ఛానల్

ఇక్కడి అంకెలన్నీ మొదలుపెట్టడానికే. నాబ్‌ని గడియారంలా ఊహించుకోండి.

గెయిన్: గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, ఈ రోజు ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా ఆరు తీగలూ మీటండి. చిట్లడం మొదలయ్యే దాకా గెయిన్ పెంచి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి రండి. బాస్ 9 లేదా 10 గంటలు. మిడిల్ 12. ట్రెబుల్ 11. ప్రెజెన్స్ 9 దగ్గర మొదలుపెట్టండి.

ఇప్పుడు డోలక్ వాయించమనండి. డోలక్ మోత స్పష్టంగా వినిపించే దాకా బాస్ తగ్గించండి. తర్వాత పాడేవాళ్లని ఒక పల్లవి పాడమని, మీరు కూడా వాయించండి. వెనక కూర్చున్న ఒకరిని "మాట తెలుస్తోందా?" అని అడగండి. తెలియకపోతే ముందు ప్రెజెన్స్, తర్వాత ట్రెబుల్, ఆ తర్వాతే వాల్యూమ్ తగ్గించండి. మీ సౌండ్ ఒంటరిగా వింటే కాస్త పల్చగా అనిపిస్తుంది. ఫర్వాలేదు, అందరితో కలిసినప్పుడు సరిపోతుంది.

క్రంచ్ ఛానల్

భజన వేగం అందుకున్నాక, నామాలు గుప్పున వచ్చేటప్పుడు ఇది పనికొస్తుంది. పరీక్ష సులభం. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కొంచెం గరగరగా ఉండాలి. గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కి తగ్గిస్తే దాదాపు క్లీన్ అయిపోవాలి. అలా జరగట్లేదంటే గెయిన్ ఎక్కువైనట్టే. ఈ ఛానల్ సరిగ్గా కుదిరితే మీ గిటార్ వాల్యూమ్ నాబే ఇంకో ఛానల్‌లా పనిచేస్తుంది, ఫుట్‌స్విచ్ అవసరం కూడా తగ్గుతుంది.

క్రంచ్‌లో పూర్తి కార్డ్ వాయించకండి. డిస్టార్షన్‌లో మూడు నాలుగు వేర్వేరు స్వరాలు కలిస్తే ఒకదానితో ఒకటి కొట్టుకుని బురదలా వినిపిస్తాయి. సా-పా రెండే పట్టుకోండి. దీనివల్ల రాగానికి కూడా మేలు. మోహనంలో మధ్యమం లేదు. అలవాటు కొద్దీ మధ్యమం ఉన్న కార్డ్ కొడితే పాడేవాళ్లకి చిరాకు. సా-పా మాత్రం శ్రుతి బాక్స్‌లా వెనక నిలబడుతుంది. హిందోళం లాంటి రాగంలో పంచమమే లేదు కాబట్టి అక్కడ సా-మా పట్టుకోవాలి, ఇది గుర్తుపెట్టుకోండి.

లీడ్ ఛానల్

గెయిన్ విషయంలో నా సలహా: ఇంట్లో నచ్చిన దానిలో సగంతో మొదలుపెట్టండి. హాల్లో వాల్యూమ్ వల్లే స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, గెయిన్‌తో పనిలేదు. వాయించడం ఆపినప్పుడు యాంప్ బుస్సుమంటుంటే, బజ్ వస్తుంటే అది కూడా గెయిన్ ఎక్కువని చెప్పే గుర్తే. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి సింగిల్ కాయిల్ గిటార్లలో ఆ హమ్ సన్నగా ఉంటూనే ఉంటుంది. గెయిన్ దాన్ని భూతద్దంలో చూపిస్తుంది. డెకరేషన్ లైట్లకి దూరంగా జరిగి, గిటార్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి నిలబడితే చాలా వరకు తగ్గుతుంది.

సోలో అంటే డిస్టార్షన్ ఉండాల్సిందే అనే నియమం ఏమీ లేదు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకోండి. నాలుగు జతల తీగలుండే మాండలిన్‌ని కాదని, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఎలక్ట్రిక్ కావడం వల్ల స్వరం నిలిచింది, నిలవడం వల్ల గమకం పలికింది. కానీ ఆ స్వరం ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది. గమకం వినిపించాలంటే స్వరం ఎక్కడ మొదలై ఎక్కడికి జారుతోందో చెవికి తెలియాలి. గెయిన్ ఎక్కువైతే ఆ జారుడే మాయమవుతుంది.

ఛానళ్ల మధ్య ఎత్తు సరిపోల్చడం

ఎక్కువ మంది వదిలేసే పని ఇదే. ఒకే కార్డ్, ఒకే బలంతో క్లీన్‌లో నాలుగు సార్లు, క్రంచ్‌లో నాలుగు సార్లు వాయించండి. మార్చినప్పుడు సౌండ్ స్వభావం మారాలి, ఎత్తు మారకూడదు. డిస్టార్షన్ ఉన్న సౌండ్ సందు లేకుండా ఉంటుంది కాబట్టి సమానంగా పెట్టినా పెద్దగా అనిపిస్తుంది. అందుకే క్రంచ్‌ని ఒక వెంట్రుకవాసి తక్కువే ఉంచండి.

లీడ్ మాత్రం సుమారు 3 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే సరిపోతుంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ కచ్చితమైన లెక్క ఇవ్వకపోయినా రెండు ఛానళ్ల మధ్య తేడా చూసుకోవడానికి పనికొస్తుంది. అన్నట్టు, 40 వాట్ల యాంప్‌ని 20 వాట్లకి మారిస్తే శబ్దం సగమైపోతుందని అనుకోకండి. తగ్గేది దాదాపు ఈ 3 డెసిబెల్సే.

రివర్బ్, డిలే

టైల్స్, అద్దాలు ఉన్న క్లబ్‌హౌస్‌లో గది ప్రతిధ్వనే ఎక్కువ. అక్కడ రివర్బ్ సున్నా పెట్టినా నష్టం లేదు. టెర్రస్ మీదో, పందిరి కిందో అయితే కొంచెం వేసుకోండి. డిలే పెడల్ ఉంటే యాంప్ వెనక ఉండే ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టండి. ముందు పెడితే ఆ ప్రతిధ్వని కూడా డిస్టార్షన్‌లో పడి చిట్లుతుంది.

ఒక్క హెచ్చరిక. నిమిషానికి 100 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకి 600 మిల్లీసెకండ్లు. డిలేని దానికి సరిగ్గా పెట్టుకున్నారనుకుందాం. కానీ భజన ఒకే వేగంలో ఉండదు కదా! నామాలు మొదలయ్యాక వేగం పెరుగుతూనే ఉంటుంది. మీ డిలే మాత్రం పాత వేగంలోనే ఉండి తాళంతో గొడవ పడుతుంది. వేగం పెరిగే ముందే దాన్ని ఆపేయండి.

ఫుట్‌స్విచ్ ఎప్పుడు నొక్కాలి?

నాబ్‌లన్నిటికంటే ఇది ముఖ్యం. పాడేవాళ్లు ఒక లైన్ పాడుతున్నప్పుడు, జనం దాన్ని అందుకుంటున్నప్పుడు క్లీన్. అందరూ కలిసి ఒకే నామం గట్టిగా అంటున్నప్పుడు క్రంచ్. ఆ మాట అప్పటికే అందరి నోట్లో ఉంది కాబట్టి కొంచెం గరుకు ఉన్నా మునగదు. రెండు చరణాల మధ్య గొంతులు ఆగినప్పుడు మాత్రమే లీడ్. కొత్త చరణం ఎత్తుకునే ముందే, కనీసం ఒక ఆవర్తం ముందు, క్లీన్‌కి వచ్చేయండి. నేను ఆ రోజు చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు: కరెంట్

పందిళ్లలో, క్లబ్‌హౌస్‌లలో తాత్కాలిక వైరింగ్ ఉంటుంది. యాంప్ ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్ తీసేయడం, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ వాడటం చాలా ప్రమాదం. ఒక చేయి తీగల మీద ఉండి పెదవి మైక్‌కి తగిలితే షాక్ ప్రాణం మీదికి రావచ్చు. గిటార్ యాంప్, పీఏ రెండూ ఎర్త్ సరిగ్గా ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. తీగలు ముట్టుకుంటే జివ్వుమంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. "రెండు పాటలే కదా" అనొద్దు.

ట్యూబ్ యాంప్ అయితే స్పీకర్ కేబుల్ పెట్టకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఆపిన వెంటనే వేడి మీద మోసుకెళ్లకండి. యాంప్ పైన దీపం, తీర్థం పాత్ర, హారతి పళ్లెం పెట్టనివ్వకండి. చదునుగా ఉంది కదా అని పెట్టేస్తారు, ముందే చెప్పి ఉంచండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల మీద నిబంధనలు ఉన్నాయి. మంగళహారతి సమయం దాన్ని బట్టి వేసుకోండి.

భజనకి ముందు అరగంట: ఈ వరసలో చేయండి

1. ఎర్త్ ఉన్న బోర్డు, స్పీకర్ కేబుల్ చూసుకుని యాంప్ ఆన్ చేయండి. స్టాండ్‌బై స్విచ్ ఉంటే ఒక నిమిషం ఆగి వేయండి.
2. యాంప్‌ని ఎత్తు మీద పెట్టి మీ చెవుల వైపు తిప్పండి.
3. హార్మోనియంకి ట్యూన్ చేసి, శ్రుతి అడిగి కాపో పెట్టండి.
4. డోలక్‌తో కలిపి క్లీన్ బాస్ సరిచేయండి.
5. గొంతుతో కలిపి ప్రెజెన్స్, ట్రెబుల్ తగ్గించండి.
6. క్రంచ్, లీడ్ గెయిన్ తగ్గించి, ఎత్తులు సరిపోల్చండి.
7. చివరి వరసలో ఒక పెద్దావిడని కూర్చోబెట్టి చరణం వినిపిస్తోందా అని అడగండి. ఆవిడ సరే అంటేనే సౌండ్‌చెక్ అయినట్టు.
8. నాబ్‌ల స్థానం దగ్గర చిన్న స్టిక్కర్ బొట్టు అంటించండి. హాలుకి ఎరుపు, ఇంటికి నలుపు. మా యాంప్‌కి ఇప్పుడు మొహం నిండా బొట్లే!

ఆ తర్వాతి శనివారం

అదే క్లబ్‌హౌస్, అదే యాంప్. లీడ్ గెయిన్ సగానికి దించాను. ప్రెజెన్స్ దాదాపు మూసేశాను. లీడ్ ఛానల్‌ని సాయంత్రం మొత్తంలో ఒక్కసారే, రెండు చరణాల మధ్య ఎనిమిది ఆవర్తాలు వాడి, వెనక్కి వచ్చేశాను.

ఆ రోజు ఫోన్లు పెద్దగా పైకి లేవలేదు. గిటార్ గురించి ఎవరూ ఏమీ అనలేదు, మామ్మగారు కూడా. ఆవిడ మూడో వరసలో కళ్లు మూసుకుని పాడుతున్నారు. గోవింద నామాల దగ్గరికి వచ్చేసరికి హాలంతా ఎంత గట్టిగా అందుకుందంటే, నా గిటార్ నాకే సరిగ్గా వినిపించలేదు. వాల్యూమ్ పెంచుదామని చేయి వెళ్లింది. వద్దనుకుని నేనూ పాడాను.

ఈ శనివారం మీ భజనలో ఈ వరస ప్రయత్నించి చూడండి. వచ్చే పాఠంలో అకూస్టిక్ గిటార్‌ని నేరుగా పీఏకి కలిపేటప్పుడు ఫీడ్‌బ్యాక్ రాకుండా ఏం చేయాలో చూద్దాం.

గోవిందా గోవింద!